లెమ్మీలో ఒకే విషయానికి మూడేసి కమ్యూనిటీలు: మన తెలుగు పుస్తకాల చర్చ ఎక్కడ పెట్టుకుందాం?

#1 గోదారిగట్టు

అందరికీ నమస్కారం. 2023 జూన్‌లో రెడిట్ ఏపీఐ (బయటి యాప్‌లు రెడిట్ సమాచారం తీసుకునే దారి) గొడవ గుర్తుండే ఉంటుంది. బయటి యాప్‌లు డబ్బు కట్టాలన్నారు. ఆ లెక్కన ఏడాదికి రెండు కోట్ల డాలర్లు అవుతుందని చెప్పి రెడిట్ చదువుకునే అపోలో అనే బయటి యాప్ తయారుచేసినాయన జూన్ 30న దాన్ని మూసేశాడు. జూన్ 12 నుంచి వేల సబ్‌రెడిట్లు (రెడిట్‌లోని చర్చా గుంపులు) నిరసనగా తలుపులు వేసుకున్నాయి. లెమ్మీ అనేదొకటి ఉందని, అది వేర్వేరు మనుషులు నడిపే సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చర్చా వేదిక అని మనలో చాలామందికి తెలిసింది అప్పుడే. ఒక కంపెనీ చేతిలో లేని చోటు కావాలనే నేనూ వచ్చాను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

అయితే ఒక బాధ మాత్రం తగ్గడం లేదు. టెక్నాలజీ గురించి చదవాలంటే లెమ్మీ.వరల్డ్ అనే సర్వర్‌లో ఒక కమ్యూనిటీ (చర్చా గుంపు), లెమ్మీ.ఎంఎల్‌లో ఒకటి, బీహావ్‌లో ఇంకొకటి. మూడింటి పేరూ టెక్నాలజీయే. ఈమధ్య సోడియం-అయాన్ బ్యాటరీల వార్త రెండు మూడు చోట్ల పడింది. ఒకచోట ఎవరో ఇంజనీరు, అంతే కరెంటు దాచుకోవడానికి లిథియం కన్నా ఇది ఎందుకు బరువవుతుందో ఓపిగ్గా రాశాడు. ఇంకోచోట సరిగ్గా అదే ప్రశ్న అడిగినవాడికి ఒక్కరూ జవాబివ్వలేదు. ప్రశ్న ఒక దగ్గర, జవాబు ఇంకో దగ్గర. ఆ ఇద్దరూ ఒకరికొకరు కనిపించరు.

ఇంగ్లీషులో జనం ఎక్కువ కాబట్టి నడిచిపోతుంది. తెలుగు సంగతి చూడండి. తెలుగు పుస్తకాల గురించి మాట్లాడుకునే చోటు కోసం వెతికితే రెండు వేర్వేరు సర్వర్లలో రెండు కమ్యూనిటీలు దొరికాయి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు దీర్ఘానికి రెండు 'ఏ'లు పెట్టారు, ఇంకొకరు ఒకటే పెట్టారు. అందువల్ల ఒకటి వెతికితే రెండోది రాదు. రెండింట్లోనూ స్వాగతం చెప్పే పోస్టు ఒకటి ఉంది, దాని కింద ఏమీ లేదు. ఆ రెండు పోస్టులూ రాసినవాళ్లకు ఒకరి గురించి ఒకరికి తెలుసో లేదో.

మన ఈ వేదికలో పుస్తకాలు చదివేవాళ్లు పదిమందికి పైనే ఉన్నారు. మనం మూడోది పెట్టాలా? ఉన్నవాటిలో ఒకదాంట్లో చేరాలా? ఈ చీలిక అసలు ఎందుకొస్తోంది? తెలిసినవాళ్లు చెప్పండి.

#2 వేపచెట్టు

ఎక్కువ మంది ఉన్నదాంట్లో చేరిపోండి. మిగతావి వాటంతటవే ఎండిపోతాయి. రెడిట్‌లోనూ జరిగింది అదే కదా.

#3 పెన్నాతీరం

వేపచెట్టు అన్నా, రెడిట్‌లో పేరు ఒక్కటే ఉంటుంది. ముందు ఎవరు రిజిస్టర్ చేసుకుంటే వాళ్లది. లెమ్మీలో ప్రతి కమ్యూనిటీకీ పేరుతో పాటు సర్వర్ కూడా ఉంటుంది, ఈమెయిల్ అడ్రసులో ఉన్నట్టే. టెక్నాలజీ@లెమ్మీ.వరల్డ్, టెక్నాలజీ@బీహావ్ రెండూ వేర్వేరు కమ్యూనిటీలు, వాటి మధ్య ఏ చుట్టరికమూ లేదు. పేరు ఎవరి సొత్తూ కాకూడదంటే ఒకే పేరు నలుగురు పెట్టుకోవడం తప్పదు. దీన్ని నేను లోపం అనను.

లోపం వేరే చోట ఉంది. మీరు ఒక చిన్న సర్వర్‌లో ఖాతా తెరిచారనుకోండి. అక్కడ "తెలుగు" అని వెతుకుతారు. ఆ సర్వర్‌కి తెలిసిన కమ్యూనిటీలే వస్తాయి. వేరే సర్వర్‌లో ఉన్న కమ్యూనిటీ మీ సర్వర్‌కి తెలియాలంటే మీ సర్వర్‌లో ఎవరో ఒకరు ముందే దాని పూర్తి చిరునామా కొట్టి పిలిచి ఉండాలి. కొత్త పోస్టులు వస్తూ ఉండాలంటే ఒక్కరైనా సబ్‌స్క్రైబ్ చేసి ఉండాలి. ఎవరూ ఆ పని చెయ్యకపోతే వెతికినవాడికి ఖాళీ పేజీ కనిపిస్తుంది. "అయ్యో, ఎవరూ పెట్టలేదు, నేనే పెడతా" అని మంచి మనసుతోనే కొత్తది మొదలుపెడతాడు. గోదారిగట్టు గారికి దొరికిన రెండు పుస్తకాల కమ్యూనిటీలూ ఇలాగే పుట్టి ఉంటాయని నా నమ్మకం. పోటీ పడి పెట్టేవాళ్లు తక్కువ. కనబడక పెట్టేవాళ్లే ఎక్కువ.

#4 వేపచెట్టు

అంటే అన్ని సర్వర్లనూ కలిపి వెతికే చోటే లేదా?

#5 పెన్నాతీరం

ఉంది. లెమ్మీవర్స్.నెట్ అని ఒక సైటు సర్వర్లన్నీ తిరిగి కమ్యూనిటీల జాబితా కడుతుంది. సబ్‌స్క్రైబర్లు, పోస్టులు ఎన్నో కూడా చూపిస్తుంది. కానీ అది లెమ్మీ బయట ఉంది. కొత్తగా వచ్చినవాడు ముందు తన సర్వర్‌లో ఉన్న సెర్చ్ డబ్బానే నమ్ముతాడు. ఆ డబ్బాలో ఏమీ రాలేదంటే లోకంలోనే లేదనుకుంటాడు.

#6 మల్లన్నగుట్ట

పేర్ల గొడవ ఒక ఎత్తు. ఒకే పేరు, ఒకే చిరునామా ఉన్నా చర్చ రెండుగా చీలడం ఇంకో ఎత్తు. అది ఎక్కువమంది గమనించరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు కామెంటు ఎలా వెళ్తుందో చూడండి. నేను 'అ' అనే సర్వర్‌లో ఉన్నాను. కమ్యూనిటీ 'ఆ' అనే సర్వర్‌లో ఉంది. నేను రాసిన కామెంటు ముందు నా సర్వర్‌లో దాచుకుంటుంది, తర్వాత 'ఆ'కి వెళ్తుంది. 'ఆ' దాన్ని తీసుకుని, ఆ కమ్యూనిటీకి సబ్‌స్క్రైబర్లు ఉన్న సర్వర్లన్నిటికీ చాటుతుంది. మామూలుగా నా కామెంటు మిగతా సర్వర్లకు నేరుగా పోదు, 'ఆ' ద్వారానే పోతుంది. 'ఆ' చాటడం ఆపేస్తే నేను రాసింది నా సర్వర్ గోడల మధ్యే ఉంటుంది.

ఇప్పుడు 2023 జూన్ సంగతి. రెడిట్ నుంచి జనం వరదలా వచ్చారు. లెమ్మీ.వరల్డ్, ఇంకో పెద్ద సర్వరూ ఎవరొచ్చినా ఖాతా ఇచ్చాయి. బీహావ్ వాళ్లది వేరే పద్ధతి. ఎందుకు చేరుతున్నారో అడిగి, చదివి చేర్చుకునేవాళ్లు. బయట నుంచి వచ్చిపడే గొడవలను ఆపడానికి అప్పట్లో లెమ్మీలో సరైన పనిముట్లు లేవు. వాళ్లు ఆ రెండు సర్వర్లతోనూ సంబంధం తెంచుకున్నారు. వాళ్ల పరిస్థితి నాకు అర్థమవుతుంది, వాళ్లను తప్పు పట్టను.

కానీ లెమ్మీ.వరల్డ్‌లో అప్పటికే బీహావ్ టెక్నాలజీకి సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల సర్వర్‌లో ఆ కమ్యూనిటీ నకలు అలాగే ఉండిపోయింది. పేజీ తెరుచుకుంటుంది, పేరు బీహావ్ అనే ఉంటుంది, కామెంటు రాస్తే పడుతుంది. పక్కన లెమ్మీ.వరల్డ్ వాడే ఇంకొకడు దానికి జవాబు కూడా ఇస్తాడు. బీహావ్‌లో ఎవరికీ అందులో ఒక్క అక్షరం కనపడదు. విషయం తెలియనివాళ్లు ఆ నకలులో రాస్తూనే పోయారు. బీహావ్ వాళ్లు ఎందుకు పలకడం లేదో వాళ్లకు అర్థం కాలేదు.

అందుకని "ఎక్కువమంది ఉన్నదాంట్లో చేరండి" అంటే సరిపోదు. అందరం ఒకే కమ్యూనిటీలో చేరినా, ఏ సర్వర్ నుంచి చేరామన్నదాన్ని బట్టి మనలో కొందరికి కొందరు కనపడకపోవచ్చు.

#7 పాతకాపు_డాలస్

ఈ చర్చ చదువుతుంటే నాకు యూజ్‌నెట్ (వెబ్ రాకముందు నుంచీ ఉన్న చర్చా గుంపుల వ్యవస్థ) గుర్తొస్తోంది. తొంభైలలో అమెరికా వచ్చిన తెలుగువాళ్లు చాలామంది సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గుంపులో రాసేవాళ్లు. ముద్దుగా స్కిట్ అనేవాళ్లం. తెలుగు ఫాంట్లు లేని రోజులు. రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే పద్యాలు, వాటికి వ్యాఖ్యానాలు రాసుకునేవాళ్లు. వంటల దగ్గర్నుంచి ఛందస్సు దాకా అన్నీ అక్కడే.

యూజ్‌నెట్ కూడా ఎవరి సొత్తూ కాదు. వేల సర్వర్లు ఒకదానికొకటి మెసేజ్‌లు అందించుకునేవి. అయినా స్కిట్ లోకం మొత్తానికి ఒక్కటే. యూనివర్సిటీ సర్వర్ నుంచి చదివినా, కంపెనీ సర్వర్ నుంచి చదివినా అదే గుంపు. గుంపు పేరులో సర్వర్ పేరు ఉండేది కాదు. ఇక్కడ మల్లన్నగుట్ట గారు చెప్పిన 'ఆ' లాంటి యజమాని సర్వర్ అక్కడ లేదు.

మరి ఒకే పేరుతో పది గుంపులు ఎందుకు పుట్టలేదు? కొత్త గుంపు పెట్టాలంటే ముందు ప్రతిపాదన రాయాలి, చర్చ జరగాలి, తర్వాత ఓటింగు. వద్దన్నవాళ్ల కన్నా కావాలన్నవాళ్లు కనీసం 100 మంది ఎక్కువ ఉండాలి, మొత్తం ఓట్లలో మూడింట రెండొంతులు రావాలి. ఈ తతంగం నచ్చనివాళ్లకు ఆల్ట్ అని వేరే విభాగం ఉండేది, అందులో ఎవరు ఏదైనా పెట్టుకోవచ్చు.

అక్కడి ఇంకో పద్ధతిని ఈ కాలం వాళ్లు చూడాలి. ఒకే మెసేజ్‌ని రెండు మూడు గుంపులకు కలిపి పంపవచ్చు. మెసేజ్ ఒక్కటే ఉంటుంది, నకళ్లు ఉండవు. ఒక గుంపులో చదివేస్తే రెండో గుంపులో చదివినట్టే లెక్క. పంపేటప్పుడే "జవాబులు ఫలానా గుంపులో ఇవ్వండి" అని ఒక వరుస పెట్టేవాళ్లం. దాన్ని ఫాలోఅప్-టు అనేవాళ్లు. వార్త మూడు చోట్ల కనిపిస్తుంది, మాటలు మాత్రం ఒక్కచోటే నడుస్తాయి. గోదారిగట్టు గారి బ్యాటరీ ప్రశ్నకు అప్పట్లోనే పరిష్కారం ఉందన్నమాట. కొత్తవి కట్టినవాళ్లు ఇది ఎందుకు వదిలేశారో అని నాకు నిజంగా బాధ కలుగుతుంది.

#8 తుంగభద్ర

పాతకాపు గారూ, మీరు యూజ్‌నెట్ మంచి చెప్పారు. అది ఎలా పోయిందో కూడా చెప్పాలి కదండీ. చాలా గుంపులకు మోడరేటర్లు లేరు. 1994 ఏప్రిల్‌లో అరిజోనా లాయర్లిద్దరు గ్రీన్ కార్డ్ లాటరీ ప్రకటనను వేల గుంపుల్లో పోశారు. దాన్ని ఆపే అధికారం ఎవరికీ లేదు. తర్వాత స్పామ్ వరదై పారింది. చివరికి 2024 ఫిబ్రవరిలో గూగుల్ గ్రూప్స్ కూడా యూజ్‌నెట్ కొత్త పోస్టులు చూపించడం ఆపేసింది. ఎవరి సొత్తూ కాని గుంపును ఊడ్చే బాధ్యత కూడా ఎవరిదీ కాలేదు.

లెమ్మీలో కమ్యూనిటీకి ఒక ఇల్లు ఉంది, ఇంట్లో పెద్ద ఉన్నారు. ఆ పెద్ద పద్ధతి నచ్చకపోతే ఇంకో ఇంటికి వెళ్లే దారీ ఉంది. నా దృష్టిలో ఒకటికి మూడు ఉండటం అవసరం. లెమ్మీ.ఎంఎల్‌ను నడిపేది లెమ్మీ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లే. చైనా, రష్యా విషయాల్లో అక్కడి మోడరేషన్ నచ్చనివాళ్లు లెమ్మీ.వరల్డ్‌కి మారారు. రెండూ ఉన్నాయి కాబట్టే మారగలిగారు. రెడిట్‌లో కూడా ఇండియా అనే పేరున్నది నచ్చకే ఇండియాస్పీక్స్ పుట్టింది. కానీ ఇండియా అనే పేరు మాత్రం మొదటివాళ్ల దగ్గరే ఉండిపోయింది. కొత్తగా వచ్చే ప్రతివాడూ ముందు ఆ పేరే కొడతాడు. ఇక్కడ ఆ అన్యాయం లేదు. అందరి పేరూ ఒకటే అయినప్పుడు, ఎక్కడ బాగా నడుస్తోందో చూసి చేరతారు.

కాబట్టి అన్నీ కలిపేద్దాం అనే మాటకు నేను ఒప్పుకోను. ఒక్కటే మిగిలిన రోజున దాన్ని నడిపేవాళ్ల ఇష్టారాజ్యమవుతుంది. మనం రెడిట్ వదిలి వచ్చింది దానికోసమే.

#9 గోదారిగట్టు

తుంగభద్ర గారూ, ఇంగ్లీషుకి మీ మాట నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను. అక్కడ ఒక్కో కమ్యూనిటీకి వేలమంది ఉంటారు. రెండుగా చీలినా రెండూ బతుకుతాయి.

తెలుగులో రాసేవాళ్లు ఎంతమంది? లెమ్మీ గురించి విన్న తెలుగువాళ్లే తక్కువ. వాళ్లలో తెలుగులో రాయాలనుకునేవాళ్లు ఇంకా తక్కువ. వాళ్లలోనూ పుస్తకాల గురించి రాసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ కొద్దిమందీ రెండుగా చీలితే రెండు చోట్లా నిశ్శబ్దమే. పోస్టు పెట్టినవాడు రెండు మూడు రోజులు చూస్తాడు, ఎవరూ పలకరు, మళ్లీ రాడు. పెద్ద భాషకు నచ్చిన చోటు ఎంచుకునే స్వేచ్ఛ కావాలి. మనకు ముందు పలికే మనిషి కావాలి. మోడరేటర్ నచ్చలేదని విడిపోవాలన్నా ముందు విడిపోయేంతమంది చేరాలి కదా.

తెలుగు బ్లాగుల రోజులు చూసినవాళ్లకు ఇది తెలుసు. ఎవరి బ్లాగు వాళ్లదే. ఒకరిది బ్లాగ్‌స్పాట్, ఒకరిది వర్డ్‌ప్రెస్. అయినా కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు వాటన్నిటినీ ఒక పేజీలో చూపించేవి. పొద్దున్నే ఆ పేజీ తెరిస్తే కొత్తగా ఎవరేం రాశారో తెలిసిపోయేది. రాతలు ఎక్కడైనా ఉండనీ, చదివేవాళ్లందరూ ఒక దగ్గర ఉండేవారు. కూడలికి ఎవరి బ్లాగు మీదా అధికారం లేదు. మనకు కావలసింది అలాంటిదే అని నాకనిపిస్తోంది.

#10 పెన్నాతీరం

గోదారిగట్టు గారు అడిగినదానికి దగ్గరగా కొన్ని ప్రయత్నాలు జరుగుతున్నాయి. తెలిసినంతవరకు రాస్తాను.

ఒకే లింకును రెండు కమ్యూనిటీల్లో పెడితే లెమ్మీ గుర్తుపడుతుంది. పోస్టు కింద "ఇది ఇంకా ఫలానా చోట ఉంది" అని చూపిస్తుంది. కానీ కామెంట్లను కలపదు. మీరే నొక్కి అటు వెళ్లి చదవాలి. ఎంతమంది నొక్కుతారు?

పీఫెడ్ అని ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, పైథాన్‌లో రాసింది, లెమ్మీ సర్వర్లతో మాట్లాడుతుంది. అందులో ఒకే లింకుకు వేర్వేరు కమ్యూనిటీల్లో వచ్చిన కామెంట్లను ఒకే పేజీలో వరుసగా చూపిస్తారు. మీరు జవాబిస్తే ఆ కామెంటు ఏ కమ్యూనిటీదో అక్కడికే వెళ్తుంది, అక్కడి నియమాలే వర్తిస్తాయి. అంటే మోడరేషన్ వేరుగానే ఉంటుంది, చదవడం మాత్రం కలుస్తుంది. ఇంకా ఫీడ్స్ అని ఉన్నాయి. ఒకరు ఏడెనిమిది కమ్యూనిటీలను కట్టగట్టి ఫీడ్‌గా పెడితే మిగతావాళ్లు ఆ ఫీడ్‌కి చేరవచ్చు. కూడలికి దగ్గర చుట్టం ఇదే. ఇలా కమ్యూనిటీలను కట్టగట్టే మల్టీ-కమ్యూనిటీలను లెమ్మీ 1.0 కోసం కూడా తలపెట్టారు.

ఇంకో ప్రతిపాదన ఎప్పటినుంచో నడుస్తోంది. కమ్యూనిటీయే మరో కమ్యూనిటీని ఫాలో అవడం. టెక్నాలజీ@లెమ్మీ.వరల్డ్, టెక్నాలజీ@లెమ్మీ.ఎంఎల్‌ని ఫాలో అయితే అక్కడి పోస్టులు ఇక్కడా వస్తాయి. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ ఒకచోట మోడరేటర్ తీసేసిన కామెంటు రెండో చోట ఉండాలా, పోవాలా? ఒకచోట బ్యాన్ అయినవాడు రెండో చోట రాస్తే అది మొదటి చోటికి రావాలా? ఇద్దరు మోడరేటర్లకు గొడవ వచ్చి ఫాలో తీసేస్తే అప్పటిదాకా కలిసి నడిచిన చర్చ ఏమవుతుంది? తుంగభద్ర గారి భయం ఇక్కడ నిజమే.

నా ఓటు చదివేవాడి దగ్గర కలపడానికి. ఇల్లు ఎవరిది వాళ్లదే ఉండనీ, కిటికీ ఒకటి చాలు.

#11 వేపచెట్టు

ఫీడ్ పెడితే సరిపోతుందంటే మరి ఆ రెండు ఖాళీ కమ్యూనిటీలనూ ఫీడ్‌లో పడేద్దాం. ఇంత చర్చ ఎందుకు?

#12 పెన్నాతీరం

రెండు ఖాళీలు కలిపితే ఖాళీయే వస్తుంది అన్నా. ఫీడ్ ఉన్న మాటలను ఒక దగ్గర చేరుస్తుంది, లేని మాటలను పుట్టించదు. పైగా ఫీడ్ కనబడేది పీఫెడ్‌లో ఉన్నవాళ్లకే.

#13 మల్లన్నగుట్ట

ఎక్కడ పెట్టాలో నిర్ణయించే ముందు ఇంకో సంగతి. సర్వర్లు చచ్చిపోతాయి. ఇది మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

విలెమ్మీ అనేది 2023 జులైలో చెప్పాపెట్టకుండా మాయమైంది. అదే నెలలో మాలి దేశం .ఎంఎల్ డొమైన్ల (ఆ తోకతో ముగిసే సైటు పేర్ల) పెత్తనం వెనక్కి తీసుకున్నప్పుడు ఎఫ్ఎంహెచ్‌వై సర్వర్ తన పేరునే పోగొట్టుకుంది. జర్మన్ వాళ్లకు పెద్ద దిక్కుగా ఉన్న ఫెడిట్.డీఈ 2024లో చెడిపోయి, నడిపేవాళ్లు పలక్క, అందరూ ఫెడిట్.ఆర్గ్‌కి మారాల్సి వచ్చింది. కేబిన్.సోషల్ కూడా ఆ ఏడాదే పోయింది. ఎస్టోనియా వాళ్ల లెమ్.ఈఈ పెద్ద సర్వర్లలో ఒకటి. నడిపేవాళ్లు అలిసిపోయామని ముందే చెప్పి 2025 జూన్ చివర్లో మూసేశారు. చెప్పి మూయడం వాళ్ల పెద్దమనసు.

సర్వర్ పోతే కమ్యూనిటీ పాత పోస్టుల నకళ్లు మిగతా సర్వర్లలో ఉంటాయి, చదువుకోవచ్చు. కానీ చాటే సర్వర్ లేదు కాబట్టి కొత్త కామెంటు ఎవరికీ చేరదు. మళ్లీ బీహావ్ నకలు కథే, ఈసారి ప్రతి సర్వర్‌లోనూ. చిరునామాలోనే సర్వర్ పేరు ఉంది కాబట్టి, సర్వర్ పోయాక కమ్యూనిటీని ఉన్నదున్నట్టు ఇంకోచోటికి ఎత్తుకెళ్లలేం.

యాహూ గ్రూప్స్ గుర్తుందా? రచ్చబండ లాంటి తెలుగు గుంపుల్లో ఏళ్ల తరబడి సాహిత్య చర్చ నడిచింది. 2019 చివర్లో పాత మెసేజ్‌లన్నీ తీసేస్తామన్నారు, 2020 డిసెంబర్ 15న మొత్తం మూసేశారు. ఎవరి దగ్గర ప్రతులున్నాయో వాటితోనే మిగిలాం. అది కంపెనీ, ఇది మనది అనుకుని ధీమాగా ఉండలేం. ఏ సర్వర్ ఎంచుకున్నా దాన్ని ఒక్కరే నడుపుతున్నారా, నలుగురున్నారా, ఖర్చు ఎలా గడుస్తోందో, బ్యాకప్‌లు తీస్తున్నారో లేదో అడిగి చేరాలి. అడిగితే చాలామంది చెబుతారు.

#14 తుంగభద్ర

ఈ లెక్కన చూసినా రెండు చోట్ల ఉండటమే మంచిది కదా. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది.

#15 మల్లన్నగుట్ట

రెండోది నకలుగా పనికొస్తుంది తుంగభద్ర గారూ, చర్చకు కాదు. పోయేది సర్వర్ అయితే అక్షరాలు ఎక్కడో ఒకచోట మిగులుతాయి. మనుషులు చెల్లాచెదురవడమే అసలు నష్టం. లెమ్.ఈఈ మూసేటప్పుడు ముందే చెప్పారు కాబట్టి "మేం ఫలానా చోటికి వెళ్తున్నాం" అని చాలా కమ్యూనిటీలు బోర్డు పెట్టుకోగలిగాయి. విలెమ్మీలో ఆ అవకాశమే లేకపోయింది. కాబట్టి ఇప్పుడే ఒక ఇల్లు, ఒక తోవ అనుకుందాం. ఇల్లు కూలితే ఎక్కడ కలుసుకోవాలో ఆ ఇంటి నియమాల పేజీలోనే మొదటిరోజే రాసిపెడదాం.

#16 తుంగభద్ర

ఇది బాగుంది. దీనికి ఒప్పుకుంటాను. ఒక్క షరతు: మోడరేటర్లు కనీసం ముగ్గురు, వేర్వేరు సర్వర్ల నుంచి ఉండాలి. ఒక సర్వర్ తెగిపోయినా మిగతావాళ్లు చూసుకుంటారు. తీసేసిన ప్రతి పోస్టుకూ కారణం రాయాలి.

#17 గోదారిగట్టు

ఆ రెండు పుస్తకాల కమ్యూనిటీల మోడరేటర్లకూ మెసేజ్ పెట్టాను. ఒకావిడ వెంటనే జవాబిచ్చారు. చాలా సంతోషించారు. రెండోది ఉందని ఆవిడకు నిజంగానే తెలియదట, పెన్నాతీరం గారు ఊహించినట్టే వాళ్ల సర్వర్ సెర్చ్‌లో అది రాలేదట. వాళ్ల సర్వర్‌ను నలుగురు కలిసి నడుపుతున్నారు, ఖర్చు చందాలతో గడుస్తోంది, రోజూ బ్యాకప్ తీస్తారు. మనమందరం వస్తే అక్కడే నడుపుదాం, ముగ్గురు మోడరేటర్లకు తానూ సరేనన్నారు.

రెండో కమ్యూనిటీ ఆయన నుంచి జవాబు రాలేదు. ఆయన ఖాతాలో చాలాకాలంగా కదలిక లేదు. దాన్ని ఏం చెయ్యాలి? తీసేయమని ఆ సర్వర్ అడ్మిన్‌లను అడగనా?

#18 పెన్నాతీరం

తీయించవద్దు. తీసేస్తే ఆ పేరు వెతికినవాడికి మళ్లీ ఖాళీయే కనిపిస్తుంది, మళ్లీ ఎవరో కొత్తది పెడతారు. ఆ సర్వర్ అడ్మిన్‌లను అడిగి మోడరేటర్ బాధ్యత మీరు తీసుకోండి. మోడరేటర్ మాయమైన కమ్యూనిటీలను అడిగినవాళ్లకు అప్పగించడం చాలా సర్వర్లలో మామూలే. తర్వాత సెట్టింగ్స్‌లో "మోడరేటర్లు మాత్రమే పోస్టు చెయ్యగలరు" అన్నది ఆన్ చేసి, "చర్చ ఇక్కడ జరుగుతోంది" అని ఒక పోస్టు పిన్ చెయ్యండి. దీర్ఘం తేడాతో వెతికినవాడు కూడా దారి తప్పకుండా వస్తాడు.

ఆ పోస్టులో మామూలు వెబ్ లింకు పెట్టొద్దు. అది నొక్కితే తనకు ఖాతా లేని సర్వర్‌లో తేలతాడు, లాగిన్ అవ్వమంటుంది, విసుగొచ్చి వెళ్లిపోతాడు. ముందు ఆశ్చర్యార్థకం, తర్వాత కమ్యూనిటీ పేరు, ఎట్, సర్వర్ పేరు, ఈ వరుసలో రాయండి. అప్పుడు ఎవరి సర్వర్‌లో వాళ్లకే తెరుచుకుంటుంది.

ఇంకొకటి, మన భాషకు సంబంధించింది. లెమ్మీలో ప్రతి పోస్టుకూ భాష ఎంచుకోవచ్చు. మీరు పోస్టుకు తెలుగు అని పెట్టి, చదివేవాడు తన ప్రొఫైల్ భాషల్లో ఇంగ్లీషు ఒక్కటే ఎంచుకుని ఉంటే ఆ పోస్టు అతనికి కనపడదు. కమ్యూనిటీ చచ్చిపోయిందనుకుంటాడు. చేరే ప్రతి ఒక్కరికీ ప్రొఫైల్‌లో తెలుగు కూడా ఎంచుకోమని, భాష తేలని పోస్టుల ఆప్షన్‌ని తీసేయవద్దని చెప్పండి.

#19 వేపచెట్టు

నాకు ఇన్నాళ్లూ తెలుగు పోస్టులు కనపడకపోవడానికి కారణం ఈ భాషల సెట్టింగే అన్నమాట. ఇప్పుడే మార్చాను, నాలుగైదు కనిపిస్తున్నాయి.

#20 పాతకాపు_డాలస్

మోడరేటర్లలో ఒకడిగా నన్ను వేసుకోండి. మీకు రాత్రయ్యేసరికి ఇక్కడ పగలు, ఆ వేళ స్పామ్ నేను చూసుకుంటాను. నా ఖాతా వేరే సర్వర్‌లో ఉంది కాబట్టి తుంగభద్ర గారి షరతు కూడా కుదురుతుంది.

ఒక చిన్న పద్ధతి పెట్టుకుందామా? ఇక్కడ గానీ, వేరే కమ్యూనిటీల్లో గానీ పుస్తకం గురించి లింకు పెట్టినప్పుడు చివర "జవాబులు పుస్తకాల కమ్యూనిటీలో ఇవ్వండి" అని చిరునామాతో ఒక వరుస రాద్దాం. సాఫ్ట్‌వేర్‌లో ఫాలోఅప్-టు లేకపోయినా మనం చేత్తో రాయొచ్చు.

#21 తుంగభద్ర

మూడో మోడరేటర్‌గా నేనుంటాను. నియమాల ముసాయిదా ఈ రాత్రికి పెడతాను. సర్వర్ పోతే కలుసుకునే చోటుగా ఈ వేదిక లింకే రాస్తున్నాను, అభ్యంతరం ఉంటే చెప్పండి.

#22 గోదారిగట్టు

అభ్యంతరం లేదు. రెండో సర్వర్ అడ్మిన్‌లకు ఇప్పుడే రాశాను. ఆవిడ కమ్యూనిటీ చిరునామా ఈ చర్చ మొదటి పోస్టులో చేరుస్తున్నాను. చేరాక మీ సర్వర్ నుంచి ఒక పలకరింపు కామెంటు పెట్టండి. అది మిగతా ఇద్దరు ముగ్గురి సర్వర్లలో కనిపిస్తోందో లేదో సరిచూసుకున్నాకే అసలు చర్చ మొదలుపెడదాం.